ఏడో పువ్వు దగ్గర ఆగిన రేపల్లె

తెనాలి, బాపట్ల, రేపల్లె నాకు ఏడాదిపాటు కంప్యూటరు తెర మీద మూడు గీతలు మాత్రమే. తెనాలి ఎర్రగీత, బాపట్ల నీలిగీత, రేపల్లె ఆకుపచ్చగీత. మొదటి రెండూ ఎగుడుదిగుడుగానైనా పైకి పోయేవి. మూడోది కొంత ఎక్కి, ఒక చోట ఆగి, అక్కణ్ణుంచి కదలకుండా పడుకునేది. ఆ పడుకున్న గీతను చూడటానికే 2007 మార్చిలో నేను సికింద్రాబాదులో రైలెక్కాను.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. నిజామాబాదు పసుపు యార్డులో ఒక దళారి కొట్లో కూర్చుని శాతాలూ సగటులూ సొంతంగా నేర్చుకున్నాను. నలభై దాటాక, హైదరాబాదులో వంశీ అనే కుర్రాడు పెట్టిన చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో లెక్కలు చూసే పనికి కుదిరాను. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు కూడికలూ తీసివేతలూ నేర్పే ప్రోగ్రాం తయారు చేస్తుంది ఆ కంపెనీ. మూడు ఊళ్ళలో మూడు సెంటర్లు, సెంటరుకు నాలుగు కంప్యూటర్లు. నేను చేరినప్పుడు ఏడుగురం. ఈ ప్రయాణం నాటికి కుర్చీలు చాలక ఇద్దరు కిటికీ గట్టు మీద కూర్చుంటున్నారు.

అక్కడి పద్ధతి నాకు మొదట వింతగా ఉండేది. ఏడాది పని ముందుగా గీసుకోరు. పదిహేను రోజులకు సరిపడా పని పసుపుపచ్చ చీటీల మీద రాసి గోడకు అంటిస్తారు. దాన్ని స్ప్రింట్ అంటారు. ఆ పదిహేను రోజుల్లో చేసింది ఊళ్ళకు పంపి, అక్కడ ఎవరెలా వాడారో అంకెలు తెప్పించుకుని, వాటిని బట్టి దిద్దుతారు. ఆ అంకెలు చదివి చెప్పడమే నా పని. పొద్దున్నే అందరూ నిలబడి మాట్లాడుకోవాలి. కూర్చుంటే మాటలు పెరుగుతాయట.

పాఠానికి పది లెక్కలు. ఒక్కో సరైన జవాబుకు తెర మీద ఒక పువ్వు పూస్తుంది. ఎనిమిది పూస్తే పాఠం దాటినట్టు. రేపల్లె సెంటరుకు వచ్చే ఒకే ఒక్క సంఘంలోని పదిమందీ ఏడు పువ్వుల దగ్గర ఆగిపోయారు. పాఠం తేలిక చేశాం, ఏడే. ఇంకా తేలిక చేశాం, మళ్ళీ ఏడే. ఈలోగా డబ్బిచ్చే సంస్థవాళ్ళు ఏప్రిల్ నుంచి ఎనిమిది కంప్యూటర్లకే ఇస్తామన్నారు. అంటే మూడు సెంటర్లలో ఒకటి ఎత్తేయాలి. ఆ ఒకటి ఏదో చెప్పడానికి లెక్కలు వచ్చినవాడు అక్కర్లేదు.

"ఒక్కసారి చూసొస్తాను," అన్నాను వంశీతో.

"అంకెలు ఉన్నాయిగా రాజేశంగారూ?"

"అంకెలే అనుమానంగా ఉన్నాయి. తప్పుకు ఒక ఆకారం ఉంటుంది. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయమంటే ముప్పై అయిదు అన్నారనుకో, పక్కనుంచి అప్పు తెచ్చుకుని ఆ సంగతి మరిచిపోయారని అర్థం. రేపల్లె వాళ్ళు తొంభై తొమ్మిది అంటున్నారు. అది ఏ దారిలో వెళ్ళినా రాదు."

వంశీ గోడ మీది క్యాలెండరు చూశాడు. "శనివారం నిర్ణయం. ఆ లోపల రండి," అన్నాడు.

తెనాలి

తెనాలిలో దిగగానే ఇడ్లీ తిన్నాను. ప్లేటు ఎనిమిది రూపాయలు. మా వైపు చట్నీలో ముంచుకుని తింటాం. ఇక్కడ ముందు కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి పోసి, అల్లం పచ్చడి పక్కన పెట్టాడు. నెయ్యికి వేరే డబ్బులేమోనని నేను చెయ్యి అడ్డం పెట్టాను. వడ్డించేవాడు నొచ్చుకున్నాడు.

"నెయ్యి లేకుండా కారప్పొడి తింటారాండీ ఎవరన్నా? మీదే ఊరండి?"

"నిజామాబాదు."

"అదీ సంగతి," అని నా చెయ్యి మెల్లగా పక్కకు జరిపి మరికాస్త పోశాడు. ఆ ఊళ్ళో మూడు పూటలున్నాను. నా ఊరేదో అడగని మనిషి ఒక్కరూ తగల్లేదు.

మా సెంటరు ఒక ఫోటో స్టూడియో పై గదిలో ఉంది. తెనాలి గీతలో రోజూ మధ్యాహ్నం ఒక గొయ్యి పడుతుంది. ఆ గంటసేపు ఒక్కరూ లెక్క చెయ్యరు. మా కుర్రాళ్ళు కరెంటు కోత అని తీర్మానించి, కరెంటు పోయినా లెక్క చెరిగిపోకుండా చెయ్యడానికి ఒక స్ప్రింట్ మొత్తం ఖర్చుపెట్టారు. సెంటరు చూసే అమ్మాయిని, ఇక్కడ కోత ఎన్ని గంటలకని అడిగాను.

"ఆ టైములో కోత లేదండి. సీరియల్ వస్తది," అంది. "నేను కూడా కిందికెళ్ళి స్టూడియోలో చూస్తానండి."

ఇది ఫోనులో చెబితే వంశీ ఏ సీరియలని అడిగాడు.

మధ్యాహ్నం ఎటూ ఎవరూ రారు కనుక దుగ్గిరాల బస్సెక్కి పసుపు యార్డు చూసొచ్చాను. సొంతూరి వీధిలో నడిచినట్టు అనిపించింది. అదే ఘాటు, అదే దుమ్ము, బనీన్ల మీద అదే రంగు. కొనేవాడు కొమ్మును విరిచి లోపలి రంగు చూడటం మా దగ్గరా ఉంది. తేడా మాటల్లో. మా యార్డులో ధర దగ్గర గొంతులు లేస్తాయి. ఇక్కడ ఒకాయన ఎదుటివాడి సరుకును తీసిపారేస్తూ కూడా, "ఇది తడి సరుకండి, మీరు నన్ను మోసం చేస్తున్నారండి," అని అన్నిటికీ 'అండి' తగిలించాడు. అంత మర్యాదగా తిట్టించుకున్నాయన నవ్వి, తడి లేదని చూపించడానికి కొమ్మును నేల మీద కొట్టాడు. అది ఖంగుమంది.

బాపట్ల

బాపట్ల సెంటరులో అడుగుపెట్టేసరికి అరుపులు వినిపించాయి. గొడవేమో అనుకున్నాను. పందెం. ఎవరు ఎన్నో పాఠంలో ఉన్నారో గోడ మీద సుద్దతో పేర్లు వేసుకున్నారు. మేం చెయ్యమని చెప్పలేదు, వాళ్ళే మొదలుపెట్టారు. పై పేరు దుర్గది. కూరగాయల బండి నడుపుతుంది.

"మీరేనా హైదరాబాదులో కూచుని మా తప్పులు లెక్కేసేది?" అంది నన్ను చూడగానే.

"అవునమ్మా."

"అయితే ఇది లెక్కేసుకోండి," అని నా ముందే పదికి పది పువ్వులు పూయించింది. పక్కావిడ, "బాబాయిగారు వచ్చారని ఈసారి వేళ్ళు లెక్కపెట్టకుండా చేసింది," అని ఎత్తిపొడిచింది. దుర్గ ఆ మాట విననట్టే, "ఇదివరకు లెక్క మా ఆయన చెప్పేవాడండి, డబ్బులు నేను తీసుకునేదాన్ని. ఇప్పుడు రెండూ నేనే," అంది.

నీలిగీత పైకి ఎందుకు పోతోందో కళ్ళారా చూసినట్టయింది. ఆ పూట భోజనం ముప్పై రూపాయలు. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేశారు. మేం చింతపండుతోనే సరిపెడతాం. రెండోసారి పులుసు అడగడానికి మొహమాటపడ్డాను గాని, అడిగాను.

బస్సులో బుట్ట

బాపట్ల నుంచి రేపల్లెకు బస్సులో వెళ్ళాను. పిట్టలవానిపాలెం వైపు వరి కోసిన చేలల్లో మినుము కుప్పలు వేసి ఉన్నాయి. మా దగ్గర వరి అయ్యాక నీళ్ళుంటే మళ్ళీ వరే. ఇక్కడ వరి చేలో ఉండగానే మినుములు చల్లేస్తారట. కోత అయ్యేసరికి మొలక లేచి ఉంటుంది. దున్నకుండా రెండో పంట. పక్క సీటాయన ఇది చెబుతుంటే శ్రద్ధగా వింటూ నా సంచి సంగతి మరిచిపోయాను. కాళ్ళ దగ్గరున్న చేపల బుట్టలోంచి నీళ్ళు కారి, సంచిలోని కాగితాలు సగం వరకు తడిశాయి. అవి రేపల్లె ఆడవాళ్ళ లెక్కల కాగితాలు. బుట్ట మనిషి వాటిని తీసి తన కొంగుతో అద్ది, కిటికీ దగ్గర ఎండబెట్టింది. దిగేదాకా చెరో అంచూ పట్టుకుని కూర్చున్నాం.

రేపల్లె

సెంటరు చూసే సుజాత డిగ్రీ చదివిన అమ్మాయి. నేనెందుకు వచ్చానో ఆమెకు తెలుసు. టీ తెప్పించింది గాని తను తాగలేదు.

"నాకే చెప్పటం రాదేమోనండి," అంది. "నోటితో అడిగితే చెప్తారు. మిషను ముందు కూచుంటే ఏడు. శనివారం తీసేస్తారా అండి?"

తెలియదన్నాను. తీసేసే వీలే ఎక్కువని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

సాయంత్రం సంఘం వచ్చింది. పదిమంది. కాలువ కట్ట మీది ఇళ్ళవాళ్ళు. చేపలు ఎండబెట్టేవాళ్ళు, అమ్మేవాళ్ళు, వలలు బాగుచేసేవాళ్ళు. నా కాగితాల వాసన చూసి పోలేరమ్మ అనే ఆవిడ, "మా మార్కులు కూడా నీచు కొడతన్నాయేంటి బాబాయిగారూ," అంది. అందరూ నవ్వారు.

నేను పోలేరమ్మ వెనకాలే నిలబడ్డాను. వేలి కణుపుల మీద బొటనవేలు నడిపిస్తూ, పెదవి కదపకుండా, టకటక ఏడు పువ్వులు పూయించింది. తర్వాత ఒక్క క్షణం పక్క తెరలకేసి చూసింది. మిగిలిన మూడు లెక్కలకూ, చదవకుండానే, తొంభై తొమ్మిది, తొంభై తొమ్మిది, తొంభై తొమ్మిది కొట్టి లేచింది.

వరండాలో పట్టుకున్నాను. "కావాలని తప్పు చేశావు కదమ్మా?"

ఆమె ముందు లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించింది. "మా లీడరక్క నాగరత్నమ్మ ఉందే, ఆవిడకి రావట్లేదండి. మేం దాటేస్తే మీరు మమ్మల్ని పొద్దున బ్యాచిలో వేస్తారంట. ఆవిడొక్కతే సాయంత్రం మిగిలిపోద్ది. సంఘం పెట్టిందే ఆవిడ. పొదుపు కట్టేరోజు కూడా అంతేనండి, పదో మనిషి వచ్చేదాకా తొమ్మిదిమందీ బ్యాంకు మెట్ల మీదే కూచుంటాం. ఆవిడకి మాత్రం చెప్పమాకండి. చిన్నబుచ్చుకుంటది."

చెప్పనని మాటిచ్చాను. పాఠం దాటినవాళ్ళకు బ్యాచి మార్చాలన్నది మా గోడ మీద ఎవరో అంటించిన చీటీ. వేగంగా నేర్చేవాళ్ళు ఆగకూడదని పెట్టాం. ఆగడం ఇష్టమైనవాళ్ళు ఉంటారని మాలో ఎవరికీ తట్టలేదు.

ఎండుచేపల కొట్టు

పోలేరమ్మ మాటతో నా అనుమానం తీరాలి. కానీ లాడ్జిలో తడి ఆరిన కాగితాలు విప్పితే నాగరత్నమ్మ వరస నన్ను ఆపింది. ఆమెకు నిజంగా రాకపోతే ఆమె తప్పులకు ఆకారం ఉండాలి. లేదు. ఏడు ఒప్పులు, ఆ తర్వాత అన్నిటికీ ఒకటే జవాబు. అయిదు.

మర్నాడు ఉదయం బజారులో ఆమె కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. యాభై దాటిన మనిషి. ఎండు నెత్తళ్ళు తూస్తూ, బేరమాడే ఆవిడకు నోటితోనే చిల్లర ఎంత ఇవ్వాలో చెబుతోంది. బేరం ముగిశాక నాకు పీట వేసింది.

"అక్కా, నీకు లెక్కలు వచ్చు. అయిదు ఎందుకు కొడతన్నావు?" నాకు తెలియకుండానే వాళ్ళ యాస అంటుకుంది.

నాగరత్నమ్మ ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోలేదు. తక్కెడ పళ్ళెం తుడిచింది.

"మా పిల్లలకి రావట్లేదండి. ఆ పోలేరికి నోరే గాని లెక్క లేదు, రోజూ ఏడుకాడే పడిపోతది. నేను దాటేసి అవతల గట్టు మీద నిలబడితే ఇవతల పడవ ఎవరు తోస్తారు? వాళ్ళకి వచ్చేదాకా నాకూ రాదంతే."

"వాళ్ళతో ఎప్పుడన్నా అన్నావా ఈ మాట?"

"అంటానా? మా మూలంగా నువ్వు ఆగిపోయావని వాళ్ళు ఏడవరూ? మీరూ అనమాకండి. మాటివ్వండి."

ఇచ్చాను. పోలేరమ్మకూ ఇచ్చే ఉన్నాను. శనివారం ఎల్లుండి. పదిమంది ఒకరి కోసం ఒకరు ఆగిపోయారని నాకొక్కడికే తెలుసు, వాళ్ళకు చెప్పడానికి వీల్లేదు, చెప్పకపోతే గీత కదలదు. లోపల లెక్కంతా సరిపోయి బయట సున్నా చూపించడం యార్డులో కూడా ఎప్పుడూ చూడలేదు. ఆమె పొట్లం కట్టిన నెత్తళ్ళకు డబ్బు తీసుకోలేదు.

నిలబడి మాట్లాడిన సాయంత్రం

సెంటరు వెనక చిన్న ఖాళీ జాగా ఉంది. ఆ సాయంత్రం పదిమందినీ, సుజాతనూ అక్కడ గుండ్రంగా నిలబెట్టాను.

"కూచోమనరేంటండీ, కాళ్ళు పీకుతున్నాయి," అంది ఒకావిడ.

"మా ఆఫీసులో రోజూ ఇలాగే నిలబడతామమ్మా. మూడు మాటలు చెప్పాలి. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, నన్ను ముందుకు పోకుండా ఆపుతున్నది ఏంటి. దేవుడి ముందు చెప్పినట్టు నిజమే చెప్పాలి. ముందు నేను చెప్తాను. నిన్న మీ లెక్కలు చూశాను. ఇవాళ మీతో మాట్లాడుతున్నాను. ఏప్రిల్ నుంచి మూడు సెంటర్లలో ఒకటి తీసేస్తారు. మీ ఏడు పువ్వుల వల్ల అది ఇదే కావచ్చు. అదీ నన్ను ఆపుతున్నది."

ఈ సంగతి వాళ్ళకు తెలియదు. కాళ్ళు పీకుతున్నాయన్నావిడ కూడా సర్దుకుని నిలబడింది. సుజాత నేలచూపులు చూస్తోంది.

మొదటావిడ తనను ఆపుతున్నది కరెంటు అంది. రెండో ఆమె, "మా ఆయన," అంది. నవ్వులు లేచి వెంటనే తగ్గాయి. పోలేరమ్మ వంతు వచ్చింది.

"నేను చెప్పనండి."

"ఏంటే చెప్పవు?" నాగరత్నమ్మ కసిరింది. "మిషను పోద్దంటన్నారు, ఇంకా దాపరికమేంటి? నీకు రాదు, అంతేగా. రాదని చెప్పు, నేర్పిస్తారు. నీకోసమే కదా నేను ఇన్నాళ్ళు ఆగింది."

పోలేరమ్మ నోరు తెరుచుకుంది. "నాకోసం నువ్వాగావా? మేం తొమ్మిదిమందిమి నీకోసం ఆగితే?"

"నాకోసమా? నాకు రాదని ఎవతి చెప్పిందే నీకు?"

"రోజూ అయిదు, అయిదు, అయిదు అని కొడితే వచ్చనుకుంటారా ఎవరన్నా?"

"నువ్వు తొంభై తొమ్మిది కొట్టలా?"

"నేను నీకోసం కొట్టా!"

"నేను నీకోసం కొట్టానే మొద్దూ!"

తర్వాత ఎవరు ఏమన్నారో నాకు అందలేదు. పదిమందీ ఒకేసారి మాట్లాడారు. సుజాత గోడకు ఆనుకుని నవ్వుతోంది, చెంపలు తడిగా ఉన్నాయి. నాగరత్నమ్మ కొంగు దోపుకుని, "ఇక లోపలికి పదండి. అందరూ అయ్యాకే నేను. లీడరు ఆఖరున ఎక్కాలి పడవ," అంది.

నాలుగేసి మందిగా కూర్చున్నారు. చీకటి పడేలోగా పదిమందీ పాఠం దాటారు. నాగరత్నమ్మ ఎనిమిదో లెక్క దగ్గర వేలు గాల్లో ఆపి వెనక్కి చూసింది. "కొట్టవే తల్లీ," అంది పోలేరమ్మ. కొట్టింది.

తిరిగొచ్చాక

వేమూరు మీదుగా తెనాలి వెళ్ళే ప్యాసింజరులో నాకు అంతా అయిపోయినట్టే అనిపించింది. అయిపోలేదు. శనివారం ఆఫీసులో అందరం నిలబడ్డాం. తెర మీద ఆకుపచ్చగీత ఒక్క సాయంత్రంలో నిట్టనిలువుగా లేచి ఉంది. ప్రోగ్రాం రాసే రమణ దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

"నెలల తరబడి కదలని పదిమంది ఒకేరోజు పాసా? రాజేశంగారు ఉన్నరోజే? ఎవరో చేసిపెట్టారు. ఈ గీత నా దగ్గరికి వస్తే నేనైతే కొట్టిపారేస్తాను."

అతని తప్పేమీ లేదు. నేను చూడకుండా ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. జరిగింది చెప్పాను.

"వాళ్ళు ఆగారన్న దానికి అంకె ఏది?" అని అడిగాడు వంశీ. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే.

"లేదు," అన్నాను. ఆ ఆఫీసులో ఆ మాట అనడం నాకు అదే మొదలు.

వంశీ సెంటరుకు ఫోను చేసి అందరికీ వినపడేలా పెట్టాడు. సుజాత వెళ్ళి నాగరత్నమ్మను పిలుచుకొచ్చింది. వంశీ వేళ్ళ మీద లెక్కకు అందని నాలుగు తీసివేతలు అడిగాడు. నాలుగూ చెప్పింది. పక్కనుంచి పోలేరమ్మ, "నన్ను కూడా అడగమను," అంటోంది. ఆమెనూ అడిగాడు. రమణ కూడా ఒకటి అడిగి, జవాబు విని, చేతులు కట్టుకున్నాడు.

"సరేనమ్మా," అన్నాడు వంశీ. "బ్యాచి మార్చే పద్ధతి తీసేస్తాం. సంఘం అంతా దాటాకే తర్వాతి పాఠం. మీ మిషన్లు మీకే ఉంటాయి."

అవతల కేరింతలు వినిపించాయి. నాగరత్నమ్మ గొంతు మాత్రం వాటిలో లేదు. కాసేపటికి అడిగింది.

"మరి మావి ఉంటే, ఎవరివి తీస్తారు బాబూ?"

వంశీ నా వంక చూశాడు. తెనాలి, బాపట్లలో రెండోదే చిన్నది. సుద్దతో పేర్లు రాసుకున్న గోడ నా కళ్ళ ముందు మెదిలింది. "బాపట్లవి, బహుశా," అన్నాడతను.

"వాళ్ళకి రావట్లేదా?"

"బాగానే వస్తోందమ్మా. కానీ డబ్బు ఎనిమిదింటికే ఉంది."

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టినట్టుంది, మాటలు గుసగుసగా వినిపించాయి. ఈలోగా నేను లెక్క వేశాను. ఎనిమిదిని మూడుకు పంచితే సమంగా రాదు. అదే వంశీతో అన్నాను. అవతలికి వినపడింది.

"సమంగా ఎందుకండి?" అంది నాగరత్నమ్మ. "తెనాలికి మూడు, బాపట్లకి మూడు ఇవ్వండి. మాకు రెండు చాలు. ఆగటం మాకు అలవాటేగా."

రమణ ఒక పసుపుపచ్చ చీటీ తీసుకుని, మూడు, మూడు, రెండు అని రాసి గోడకు అంటించాడు.